ప్రోస్టేట్ క్యాన్సర్ తిరగబెట్టడాన్ని గుర్తించే స్కానింగ్ పరీక్షలు - ఒక పరిశీలన

ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స గానీ, రేడియేషన్ చికిత్స గానీ పొందిన వారిలో కొందరికి కొన్ని సంవత్సరాల తర్వాత వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉంది. దీని తొలి సూచన సాధారణంగా రక్త పరీక్షలోనే బయటపడుతుంది. గ్రంథిని తొలగించిన తర్వాత పి.ఎస్.ఎ. అనే ప్రోటీన్ రక్తంలో దాదాపు కనిపించని స్థాయికి చేరాలి. అది మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు లేదా అంతకు మించి వరుసగా రెండు పరీక్షలలో నమోదైతే వ్యాధి తిరగబెట్టినట్లు పరిగణిస్తారు. రేడియేషన్ పొందిన వారిలో గ్రంథి శరీరంలోనే ఉంటుంది కనుక, చికిత్స అనంతరం నమోదైన కనిష్ఠ స్థాయి కంటే 2 నానోగ్రాములు పెరగడం ప్రమాణం.

రక్త పరీక్ష వ్యాధి ఉన్నదని సూచిస్తుందే తప్ప ఎక్కడ ఉన్నదో చెప్పదు. గ్రంథి ఉన్న చోటనా, లింఫు గ్రంథులలోనా, ఎముకలలోనా అన్నది తేల్చవలసినది స్కానింగ్ పరీక్షలే.

బోన్ స్కాన్, సి.టి. స్కాన్

టెక్నీషియం-99ఎం ఆధారంగా చేసే బోన్ స్కాన్ ఎముకలకు పాకిన వ్యాధిని చూపుతుంది. అయితే కీళ్ళ అరుగుదల, పాత విరుగుళ్ళు కూడా ఇందులో మచ్చలుగా కనిపిస్తాయి. సి.టి. స్కాన్ లింఫు గ్రంథులను వాటి పరిమాణాన్ని బట్టి అంచనా వేస్తుంది. మామూలు పరిమాణంలోని గ్రంథిలో దాగిన క్యాన్సర్ దీనికి చిక్కదు. పి.ఎస్.ఎ. తక్కువగా ఉన్న దశలో ఈ రెండు పరీక్షలూ వ్యాధిని చూపడం అరుదు.

ఎం.ఆర్.ఐ.

గ్రంథి ఉన్న చోటనే వ్యాధి తిరిగి మొలకెత్తితే గుర్తించడంలో ఎం.ఆర్.ఐ. మేలైనది. మూత్రాశయం పక్కనున్న చిన్న కణితులను కూడా ఇది స్పష్టంగా చూపగలదు.

పెట్ స్కాన్

ఇతర క్యాన్సర్లలో వాడే గ్లూకోజ్ ఆధారిత పెట్ స్కాన్ ప్రోస్టేట్ క్యాన్సర్‌లో అంతగా ఉపకరించదు. ఈ కణాలు చాలావరకు గ్లూకోజ్‌ను ఎక్కువగా గ్రహించకపోవడమే కారణం. అందువల్ల వేరే ద్రవ్యాలు అవసరమయ్యాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో కోలిన్, 2016లో ఫ్లూసిక్లోవిన్, 2020లో గాలియం-68 పి.ఎస్.ఎం.ఎ.లను ఆమోదించింది. పి.ఎస్.ఎం.ఎ. అనేది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల ఉపరితలంపై అధికంగా ఉండే ప్రోటీన్. దానికి అతుక్కునే ద్రవ్యాన్ని రక్తనాళంలోకి ఎక్కించి చిత్రం తీస్తారు. హైదరాబాద్‌తో సహా దేశంలోని పలు నగరాలలో ఈ పరీక్ష అందుబాటులో ఉంది.

2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 50 మందికి రెండు రకాల పెట్ స్కాన్లూ చేయగా, ఫ్లూసిక్లోవిన్ 26 శాతం మందిలో, పి.ఎస్.ఎం.ఎ. 56 శాతం మందిలో వ్యాధిని గుర్తించాయి. వీరందరి పి.ఎస్.ఎ. 0.2 నుంచి 2 మధ్య ఉంది. అదే సంవత్సరం వెలువడిన 635 మంది అధ్యయనంలో పి.ఎస్.ఎం.ఎ. స్కాన్ ఫలితం పి.ఎస్.ఎ. స్థాయిని బట్టి మారింది. 0.5 కంటే తక్కువ ఉన్నవారిలో 38 శాతం, 5 లేదా అంతకు మించి ఉన్నవారిలో 97 శాతం మందిలో వ్యాధి స్థానం తెలిసింది.

పరిమితులు

పి.ఎస్.ఎం.ఎ. స్కాన్‌లో కనిపించిన ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. మానుతున్న ఎముక విరుగుళ్ళు, కొన్ని నాడీ ముడులు కూడా ద్రవ్యాన్ని గ్రహిస్తాయి. ద్రవ్యం మూత్రం ద్వారా విసర్జితమైనపుడు మూత్రాశయం చెంతనున్న కణితి మరుగున పడవచ్చు. అట్టి సందర్భాలలో ఎం.ఆర్.ఐ. తోడ్పడుతుంది.

చికిత్సపై ప్రభావం

గ్రంథి తొలగించిన 165 మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లూసిక్లోవిన్ స్కాన్ ఆధారంగా రేడియేషన్ నిర్ణయించినపుడు మూడేళ్ళ పాటు వ్యాధి మళ్ళీ తలెత్తని వారు 75.5 శాతం కాగా, సాధారణ పరీక్షలపై ఆధారపడినపుడు 63 శాతం మాత్రమే.

శస్త్రచికిత్స తర్వాత ఇచ్చే రేడియేషన్ పి.ఎస్.ఎ. తక్కువగా ఉన్నపుడే మెరుగైన ఫలితమిస్తుంది. కనుక స్కాన్‌లో ఏమీ కనిపించలేదన్న కారణంతో, మచ్చ కనిపించే వరకు చికిత్సను వాయిదా వేయడం తగదు. స్కాన్ శుభ్రంగా ఉండడం వ్యాధి లేదనడానికి రుజువు కాదు. పెరుగుతున్న పి.ఎస్.ఎ., అది రెట్టింపు కావడానికి పట్టే కాలం, రోగి వయస్సు, ఆరోగ్య స్థితి అన్నింటినీ పరిగణించి వైద్యునితో సంప్రదించి నిర్ణయం తీసుకోవాలి.