ధ్రువసీమకు మూటాముల్లె

ప్రయాణమనగానే మన యిండ్లలో మొదట మొదలగునది మూట కట్టుట. తీర్థయాత్రకైనను, పెండ్లికైనను, "ఇది అక్కడ దొరకునో దొరకదో" అని ఒక్కొక్క వస్తువే చేర్చి, తుదకు మోయలేనంత బరువు చేసికొందుము. పొరపాటు జరిగినను నష్టము స్వల్పమే. చెంబు మరచినచో దారిలో కొనవచ్చును. దుప్పటి మరచినచో చుట్టములు ఇత్తురు. కాని చెట్టు లేని, అంగడి లేని, వారములకొలది, చోట్లనుబట్టి నెలలకొలది సూర్యుడు కానరాని ఉత్తర ధ్రువసీమకు శీతకాలమున పోవువారి మూట సంగతి వేరు. అక్కడ మూటలోని తప్పు ప్రాణము మీదికి వచ్చును.

ఈ కాలమున విహారమునకై ఆ మంచుసీమలకు శీతకాలమున పోవువారు పలువురున్నారు. వారికి ఏమేమి తీసికొనిపోవలెనో జాబితా సిద్ధముగ లభించును. ఆ జాబితాలోని ఒక్కొక్క వస్తువు వెనుక ఎన్ని యేండ్ల అనుభవమున్నదో, ఎందరి ప్రాణములు పోయినవో తలచువారు తక్కువ. ఆ చరిత్రను కొంచెము చెప్పుకొనుటయే మన ఉద్దేశము.

కెనడా దేశపు ఉత్తరాన కింగ్ విలియం దీవి యను చదునైన, రాళ్ళు నిండిన దీవి యొకటి కలదు. అరువది యేండ్ల వ్యవధిలో ఐరోపా నుండి రెండు బృందములు ఆ దీవిని చేరెను. మొదటి బృందమున 129 మంది. వారిలో ఒక్కడును ఇల్లు చేరలేదు. రెండవ బృందమున ఏడుగురు. వారు ఆ దీవియందే రెండు శీతకాలములు గడపి, అందరును క్షేమముగ ముందుకు సాగిరి. దీవి ఒక్కటే, చలి ఒక్కటే. మూటలు మాత్రము వేరు.

మొదటిది సర్ జాన్ ఫ్రాంక్లిన్ బృందము. అట్లాంటిక్ సముద్రమునుండి పసిఫిక్ సముద్రమునకు అమెరికా ఖండపు ఉత్తరపుటంచున దారి కనుగొనవలెనని బ్రిటిషు నౌకాదళము 1845 మే నెలలో వారిని పంపెను. ఎరెబస్, టెర్రర్ అని రెండు ఓడలు. వానిలో ఆవిరి యంత్రములు, మూడేండ్లకు చాలు ఆహారము, వెయ్యికి మించిన గ్రంథములు, వెండి చెంచాలు, పాటలు వినిపించు వాద్యయంత్రములు ఉండెను. ఇంగ్లండులోని ఒక పెద్దయింటినే ఓడకెక్కించిరని చెప్పవచ్చును. ఒంటిమీదికి మాత్రము నౌకాదళపు ఉన్ని దుస్తులు, ఉన్ని కోట్లు, తోలు బూట్లు. ఓడలో ఉన్నంతవరకు అవి చాలును.

1846 సెప్టెంబరులో ఓడలు కింగ్ విలియం దీవి సమీపమున మంచులో చిక్కుకొనెను. మరుసటి వేసవి వచ్చినను మంచు విడువలేదు. 1847 జూన్ 11వ తేదీన ఫ్రాంక్లిన్ మరణించెను. 1848 ఏప్రిల్ నాటికి మరణించినవారు 24 మంది. మిగిలిన 105 మంది ఓడలను విడిచి, దక్షిణమున నున్న నదివైపునకు కాలినడకను బయలుదేరిరి. మూట కట్టుకొనుట అనునది వారికి అప్పుడు నిజముగ మొదలయినది.

వారు ఏమి కట్టుకొనిరో మనకు తెలియును. 1859లో మెక్లింటాక్ నాయకత్వమున వెదకబోయిన వారికి ఆ దీవి ఒడ్డున ఒక పడవ కనబడెను. దానిని పెద్ద జారుడు బండిపై కట్టి మనుష్యులే లాగుకొనిపోయిరి. పడవ, బండి కలిసి 1400 పౌనులు తూగునని మెక్లింటాక్ అంచనా వేసెను. లోపల ఇద్దరి అస్థిపంజరములు. వారి ప్రక్కన పట్టు చేతిరుమాళ్ళు, తువాళ్ళు, సబ్బు, పండ్లు తోముకొను బ్రష్షులు, దువ్వెనలు, కుట్టుపని చేసిన ఇంటి చెప్పులు, పుస్తకములు, వెండి చెంచాలు, ఫోర్కులు. ఆహారమని చెప్పదగినది కొంత తేయాకు, నలువది పౌనుల చాకొలెట్టు మాత్రమే. మరియొక చోట వారు వదలిపెట్టిన బట్టల కుప్ప నాలుగడుగుల ఎత్తున పడియుండెను.

ఆ జాబితాను చదివినప్పుడు మనకు నవ్వు రాదు. ఆకలితో, వ్యాధితో కాలు సాగని మనుష్యులు పట్టు రుమాలును విడువలేకపోయిరి. ఇంటిని గుర్తుచేయు వస్తువు ఏదో యొకటి చేతనుండవలెనని ప్రతివాడును కోరుకొని యుండవచ్చును. ఊరు విడిచి పోవలసివచ్చిన మనవారును దేవుని పటమునో, పెండ్లినాటి పళ్ళెమునో వదలలేరు గదా! అయితే ఆ మమకారపు బరువును మంచుపై లాగవలసినది క్షీణించిన శరీరములే.

ఫ్రాంక్లిన్ బృందము నశించుటకు దుస్తులొక్కటే కారణమనుట న్యాయము కాదు. ఆకలి, వ్యాధి, విడువని మంచు అన్నియు కలిసినవి. పైగా కొద్ది కుటుంబములు మాత్రమే వేటాడి బ్రతుకగల చోట నూరుమందికి పైగా ఒక్కసారి దిగిన, నేల వారిని పోషింపలేదు. కాని ఒక ప్రశ్న మిగులును. ఆ కొద్ది కుటుంబములు అక్కడ తరతరములుగ ఎట్లు బ్రతుకుచుండెను?

ఆ కుటుంబములు ఇనుయిట్ జాతివి. పూర్వపు పుస్తకములు వారిని ఎస్కిమోలనెను. వారు తమను తాము పిలుచుకొను ఇనుయిట్ అను మాటకు 'మనుష్యులు' అని అర్థము. వారి దుస్తులకు మూలము కారిబూ అను ధ్రువపు దుప్పి. దాని వెండ్రుక లోపల బోలుగా ఉండును. ఆ బోలులో నిలిచిన గాలియే వెచ్చదనమును కాపాడును. శీతకాలమున వారు రెండు తోలు అంగీలను ధరింతురు. లోపలి అంగీ బొచ్చు ఒంటివైపునకు, వెలుపలి అంగీ బొచ్చు బయటివైపునకు. రెండును వదులుగా ఉండును. బిగుతైన బట్టలో గాలి నిలువదు, చెమట పోదు. తలను కప్పు కుళ్ళాయి అంగీతోనే కలిసియుండును. దాని అంచునకు ఊపిరి తగిలి గడ్డకట్టిన మంచు సులువుగ రాలిపోవు వుల్వరీన్ అను జంతువు బొచ్చును కుట్టుదురు. కాళ్ళకు సీలు తోలు బూట్లు. మంచుమీది వెలుగు కన్నులను పాడుచేయకుండ సన్నని చీలికలుగల కొయ్య లేక ఎముక అద్దాలు. వానికి గాజు ఉండదు.

ఈ దుస్తులు వేటగాడు తెచ్చినంత మాత్రమున సిద్ధము కావు. వేసవి తోలునకు బొచ్చు పలుచన, వసంతకాలపు తోలునకు పురుగు తొలిచిన రంధ్రములు. శరత్కాలపు ఆరంభమున దొరకిన తోలే శ్రేష్ఠము. దానిని గీకి, మెత్తబరచి, కారిబూ వెన్ను నరముతో తీసిన దారముతో స్త్రీలు కుట్టుదురు. తడిసినప్పుడు ఆ దారము ఉబ్బి సూది రంధ్రమును మూసివేయును. బూటులోనికి నీరు దిగదు. ఒక కుట్టు తప్పినచో వేటగాని వ్రేలు చలికి చచ్చిపోవచ్చును. కనుక ఆ ఇంటి బ్రతుకు వేటగాని బల్లెముమీద ఎంత ఆధారపడునో, ఇల్లాలి సూదిమీద అంత ఆధారపడును. అమెరికా నౌకాధికారి పియరీ 1908లో ఉత్తర ధ్రువయాత్రకు పోవునప్పుడు ఇనుయిట్ కుటుంబములను తన ఓడలో వెంటబెట్టుకొని పోయెను. పురుషులు కుక్కల బండ్లు నడిపిరి. యాత్రకు కావలసిన బొచ్చు దుస్తులను స్త్రీలు కుట్టి యిచ్చిరి. ఆయన ధ్రువమును చేరెనా లేదా అను వివాదము నేటికిని తీరలేదు. కాని ఆ దుస్తుల విషయమై వివాదము లేదు.

చలిసీమలో చలికంటె మోసకారి యైన శత్రువు ఇంకొకటి కలదు. అది చెమట. దీనిని నార్వే దేశీయుడైన నాన్సెన్ కష్టపడి తెలిసికొనెను. 1895 మార్చి 14వ తేదీన నాన్సెన్, జొహాన్సెన్ అను ఇద్దరు తమ ఓడ 'ఫ్రామ్'ను విడిచి, కుక్కల బండ్లతో ఉత్తరముగ బయలుదేరిరి. తోడేలు బొచ్చు దుస్తులు వారి కడ ఉండెను. అవి మిక్కిలి వేడిగ నుండి చెమట పట్టించుచున్నవని ఓడలోనే వదలి, ఉన్ని దుస్తులతో సాగిరి. పగలంతయు బండ్లను మంచుగుట్టలపై నెట్టునప్పుడు పట్టిన చెమట ఉన్నిలో చేరి గడ్డకట్టెను. బట్టలు ఇనుప కవచమువలె బిగిసెను. నాన్సెన్ కోటు చేతియంచు రాసుకొని రాసుకొని మణికట్టుపై లోతైన పుండ్లు పడెను. రాత్రి నిద్రసంచిలో దూరి, ఒంటి వేడితో ఆ మంచును కరిగించుకొని, తెల్లవారగానే తిరిగి బయలుదేరి గడ్డకట్టించుకొనుట వారి దినచర్య యయ్యెను. ఏప్రిల్ 8వ తేదీన 86 డిగ్రీల 14 నిమిషముల అక్షాంశమును చేరిరి. అప్పటికి మానవుడు అంత ఉత్తరమునకు పోయి యుండలేదు. తిరుగుదారిలో రాళ్ళతోను, వాల్రస్ తోలుతోను గుడిసె కట్టుకొని శీతకాలమంతయు గడపి, 1896లో ప్రాణములతో బయటపడిరి.

ఉన్ని దోషమని దీనినిబట్టి అనుకొనరాదు. తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుట ఉన్ని గుణము. వానలో తడిసిన గొంగళిని కప్పుకొనియే మన గొర్రెలకాపరి మందను కాయుచుండును గదా! ఎప్పుడు ఒక పొర విప్పవలెనో, ఎప్పుడు తిరిగి వేసికొనవలెనో తెలియకుండుటలోనే ప్రమాదమున్నది. చెమట పట్టకముందే విప్పుట, చలి వేయకముందే తొడుగుట ధ్రువసీమ నేర్పిన మొదటి పాఠము.

ఇక రెండవ బృందము. నాన్సెన్ దేశీయుడే యైన రోఅల్డ్ అమండ్సెన్, 1903 జూన్ 16వ తేదీన 'యోవా' అను చిన్న ఓడలో ఆరుగురు సహచరులతో బయలుదేరెను. అప్పులవాండ్రు ఓడను ఆపుదురేమోయని రాత్రివేళ వెడలిపోయెను. ఫ్రాంక్లిన్ వెదకిన దారినే వెదకుచు, ఆ శరత్కాలమున కింగ్ విలియం దీవి ఆగ్నేయపుటొడ్డున లంగరు వేసెను. ఆ రేవునకు నేటికిని ఆ ఓడ పేరే నిలిచియున్నది.

అక్కడికి నెట్సిలిక్ తెగకు చెందిన ఇనుయిట్‌లు వచ్చిరి. అమండ్సెన్ వారికి కత్తులు, సూదులు ఇచ్చి, వారి బొచ్చు దుస్తులు పుచ్చుకొనెను. దుస్తులు మాత్రమే పుచ్చుకొనినచో విశేషము లేదు. వానిని ఎట్లు ధరింపవలెనో, మంచు ఇల్లు ఎట్లు కట్టవలెనో, కుక్కలను ఎట్లు తోలవలెనో వారికడ శిష్యుడై నేర్చుకొనెను. లోపలికి వచ్చుటకు ముందు బొచ్చుమీది మంచును కర్రతో దులుపవలెను. లేనిచో అది వెచ్చదనమునకు కరిగి, తోలు తడిసి, పాడగును. ఇట్టివి చిన్న సంగతులే, పుస్తకములలో లేనివి. చూచినవాడు చూపిననే తెలియును.

ఈ శిష్యరికమునకు అమండ్సెన్ మొదటివాడు కాడు. జాన్ రే అను స్కాట్లండు వైద్యుడు అంతకుముందే ఇనుయిట్‌ల పద్ధతిని నేర్చి, మంచు ఇండ్లలో శీతకాలము గడపెను. ఫ్రాంక్లిన్ బృందపు విషాద వార్తను 1854లో వారినుండి విని లోకమునకు చెప్పినవాడును ఆయనయే. లండనులో పలువురు పెద్దలు ఆ మాటను త్రోసిపుచ్చిరి. ఇనుయిట్‌ల నోటి మాటను నమ్మినందుకు రే నిందల పాలయ్యెను. కాని ఆ జాతివారు తరతరములుగ చెప్పుకొనుచు వచ్చిన సంగతులు 2014లో ఎరెబస్ ఓడ సముద్రగర్భమున దొరకుటకు తోడ్పడెను. టెర్రర్ 2016లో దొరకెను. నూటయరువది యేండ్లు దాటిన తరువాత ఆ మాట నిలిచినది.

అమండ్సెన్ బృందము 1905 ఆగస్టులో ఆ రేవును విడిచి, పడమటి దారిని కనుగొనెను. రేడియో గల యిండ్లలో కూర్చున్న మనకు వింతగా తోచు సంగతి యొకటి ఇక్కడ కలదు. ఆ విజయవార్తను లోకమునకు తెలుపుటకు అమండ్సెన్ శీతకాలమున ఓడను మంచులో విడిచి, కుక్కల బండ్లతో సుమారు 500 మైళ్ళు పోయి, అలాస్కాలోని ఈగిల్ అను ఊరి తంతి కార్యాలయమును చేరవలసివచ్చెను. డిసెంబరు 5వ తేదీన తంతి ఇచ్చెను. అంతటి దూరమును అతడు దాటినది నెట్సిలిక్ స్త్రీలకడ నేర్చిన తీరు దుస్తులతోనే. 1911 డిసెంబరు 14వ తేదీన దక్షిణ ధ్రువమును మొదట చేరిన యాత్రయందును ఆ తీరు బొచ్చు దుస్తులు అతని వెంట ఉండెను.

నేడు శీతకాలపు విహారమునకు పోవువారికి చెప్పు మాటలు ఈ చరిత్ర సారమే. నూలు బనీను వద్దు. చెమటను పీల్చి ఆరదు. ఒంటికి ఉన్ని, దానిపై మందమైన పొర, అన్నిటిపైన గాలి చొరని అంగీ. బూట్లు బిగుతుగ నుండరాదు. వ్రేళ్ళు కదలుటకు చోటుండవలెను. వ్రేళ్ళు వేరువేరుగ నుండు చేతితొడుగుకంటె, నాలుగు వ్రేళ్ళు కలిసియుండునది వెచ్చన. దీపపు బ్యాటరీ చలికి త్వరగా నీరసించును. దానిని లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచవలెను. 'అనొరాక్' అని మనము పిలుచు అంగీ పేరు గ్రీన్లండు భాషనుండి వచ్చినదే.

మన దేశమునకును ఆ సీమతో సంబంధము ఏర్పడినది. నార్వే పాలనలోని స్వాల్బార్డ్ దీవులలో, సుమారు 79 డిగ్రీల అక్షాంశముకడ నున్న నీ-ఓలెసుండ్ అను చిన్న ఊరిలో 'హిమాద్రి' యను భారత పరిశోధన కేంద్రము 2008 జులై 1వ తేదీన ప్రారంభమయ్యెను. చాల యేండ్లు మన శాస్త్రజ్ఞులు అక్కడికి ముఖ్యముగ వేసవిలోనే పోవుచుండిరి. శీతకాలమున అక్కడ నుండుటకై మొదటి భారతీయ బృందము 2023 డిసెంబరులో బయలుదేరెను. అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి నడుమ వరకు అక్కడ సూర్యుడు ఉదయింపడు. ఊరు దాటి వెలుపలికి పోవువారు ధ్రువపు ఎలుగుబంటిని బెదరించు సాధనమును చేతనుంచుకొనియే పోవుదురు. ఉష్ణదేశమున పుట్టి పెరిగిన మనవారు ఆ చీకటిలో పనిచేయుట సామాన్యము కాదు.

వారి మూటలలో ఏమేమి ఉండెనో మనము చూడలేదు. కాని అందులోని ప్రతి పొరకును వెనుక, తన కోటు చేతియంచుతో మణికట్టు కోసికొన్న నాన్సెన్ ఉన్నాడు. సూదికి బదులుగ తన విద్యను ఇచ్చిన పేరు తెలియని ఇనుయిట్ ఇల్లాలు ఉన్నది. పట్టు రుమాలును విడువలేక పడవ ప్రక్కన ఒరిగిన నావికుడు ఉన్నాడు. ఇకమీద మన యింట ఎవరైనను దూరప్రయాణమునకు మూట కట్టునప్పుడు, ఏమి చేర్చవలెనని అడుగుటకు ముందు, ఆ పోవు ఊరివారు ఏమి ధరింతురని అడుగుట మంచిది.