పచ్చబడిన హెడ్‌లైటు, పోయిన పూత

ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన కారు హెడ్‌లైట్ల ముందుభాగం పచ్చబడి, పొగ పట్టినట్టు మసకబారడం మురికి వల్ల జరిగేది కాదు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌లో సూర్యకాంతి తెచ్చిన రసాయన మార్పు అది, ఆ ప్లాస్టిక్‌ను కాపాడటానికి కర్మాగారంలో వేసిన సన్నని పూత అరిగిపోయిందనడానికి గుర్తు కూడా అదే. ఈ సంగతి గమనించకుండా పచ్చదనాన్ని మురికిలా తుడిచి తృప్తిపడటం వల్లనే ఇళ్లలో చేసుకునే మరమ్మతులు చాలావరకు కొద్దినెలలకే వృథా అవుతున్నాయి. ఆ పూత అవసరం ఎలా పుట్టిందో, దాన్ని తీసి మళ్లీ వేసే పనిముట్లు ఎక్కడివో తెలియాలంటే 1890ల నాటి అమెరికా విద్యుత్ కొలుముల నుంచి మొదలుపెట్టాలి.

1891లో పెన్సిల్వేనియాలో ఎడ్వర్డ్ అచెసన్ కృత్రిమంగా వజ్రాలు చేయాలన్న ఆశతో బంకమట్టినీ బొగ్గుపొడినీ కలిపి విద్యుత్తుతో కాల్చినప్పుడు వజ్రానికి బదులు దాదాపు అంత కఠినమైన సిలికాన్ కార్బైడ్ చేతికి వచ్చింది. కార్బొరండం అన్న పేరుతో అది సానరాళ్లలోకీ గరుకు కాగితాలలోకీ చేరింది. మరుసటి ఏడాది నార్త్ కరోలినాలో థామస్ విల్సన్ అల్యూమినియం తయారీకి చవకైన దారి వెతుకుతూ సున్నాన్నీ తారునూ కాల్చగా కాల్షియం కార్బైడ్ వచ్చింది. మామిడికాయలను మాగబెట్టడానికి వాడకూడదని ప్రభుత్వం నిషేధించిన కార్బైడ్ ఇదే. దీని మీద నీరు పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, ఆ వాయువు తెల్లని వెలుగుతో మండుతుంది. తొలితరం మోటారు కార్లు రాత్రిపూట దారి వెతుక్కున్నది చాలావరకు ఈ వాయువుతో వెలిగే దీపాలతోనే. కాల్షియం కార్బైడ్ కారుకు తొలినాళ్ల వెలుగునిచ్చింది, సిలికాన్ కార్బైడ్ దాదాపు వందేళ్ల తరువాత మసకబారిన వెలుగును సరిచేయడానికి పనికివచ్చింది.

1912లో కాడిలాక్ సంస్థ స్టార్టరునూ దీపాలనూ ఒకే విద్యుత్ వ్యవస్థ కిందికి తెచ్చిన తరువాత ఎసిటిలీన్ దీపాల కాలం త్వరగానే ముగిసింది. 1940 మోడళ్లతో అమెరికాలో సీల్డ్ బీమ్ పద్ధతి వచ్చింది. అంటే ఫిలమెంటు, వెనుక అద్దం, ముందు గాజు మూడూ గాలి చొరకుండా అతికిన 7 అంగుళాల గుండ్రని దీపం. ఫిలమెంటు కాలిపోతే మొత్తం దీపాన్నే మార్చేవారు కాబట్టి ముందు గాజు పాతబడే అవకాశమే తక్కువ, పాతబడినా గాజు పచ్చబడదు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్‌కూ గుండ్రని గాజు దీపాలే ఉండేవి. రాళ్లు తగిలి పగిలి ఉంటాయే తప్ప ఎండకు రంగు మారినవి కావు.

ప్లాస్టిక్ రావడానికి కారణం పెట్రోలు ధర. 1970ల చమురు సంక్షోభాల తరువాత గాలిని సులువుగా చీల్చుకుపోయే వాలు ముఖాలు కార్లకు అవసరమయ్యాయి, నిటారుగా నిలిచే గుండ్రని గాజు దీపాలు అందుకు అడ్డొచ్చాయి. ఫోర్డ్ సంస్థ 1981లో పెట్టుకున్న అర్జీ ఫలితంగా 1983లో అమెరికా ప్రభుత్వం నిబంధన సడలించింది, 1984 మోడల్ లింకన్ మార్క్ 7 కారు బల్బు మాత్రమే మార్చుకోగల కొత్తరకం హెడ్‌లైట్లతో బయటికి వచ్చింది. ఏ ఆకారంలోనైనా పోత పోయగలిగిన పాలీకార్బొనేట్ ఈ మార్పుకు సరిగ్గా సరిపోయింది. 1953లో జర్మనీలోని బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా తయారుచేసిన ఈ పదార్థం గాజు బరువులో సగమే ఉంటుంది, రాయి తగిలినా పగలదు. ఐరోపా దేశాలు 1990లలో ఇదే దారి పట్టాయి, భారతీయ మార్కెట్టులోకి వచ్చిన కొత్త కార్లూ వాటి వెనకే నడిచాయి.

ఇందులో ఒక పెద్ద బలహీనత దాగి ఉంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, అంటే కంటికి కనిపించని అధికశక్తి కిరణాలు, పాలీకార్బొనేట్ అణుశ్రేణిలోని కార్బొనేట్ బంధాలను తెంచుతాయి; తెగిన ముక్కలు వేరే తీరులో అతుక్కుని, గాలిలోని ఆక్సిజన్‌తో కూడా కలిసి, నీలికాంతిని పీల్చే కొత్త పదార్థాలుగా మారతాయి, నీలం తగ్గిన కాంతి కంటికి పచ్చగా కనబడుతుంది. గీతలు కూడా తేలిగ్గా పడే ఈ ప్లాస్టిక్ మీద అందుకే కర్మాగారంలో కొన్ని మైక్రాన్ల మందాన (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) గట్టి పారదర్శక పూత వేస్తారు. ఆరుబయట నిలిపే కారుకు తెలుగునాట వేసవి ఎండ, ఎదురుగాలి మోసుకొచ్చే ఇసుక, వాన కలిసి ఆ పూతను క్రమంగా తినేస్తాయి. అది పగుళ్లిచ్చిన చోట కాంతి చెదిరిపోతుంది, ఫలితంగా నడిపేవారికి దారి సరిగా కనబడదు, ఎదురుగా వచ్చేవారికి కళ్లు జిగేలుమంటాయి. ఎక్కువ శక్తి గల బల్బు పెట్టడం దీనికి మందు కాదు, చెదిరే కాంతిని అది ఇంకా పెంచుతుంది.

అదృష్టవశాత్తూ కిరణాలు లోతుకు దిగవు, పాడయ్యేది పైపొరే, కాబట్టి దాన్ని అరగదీస్తే కింద మంచి ప్లాస్టిక్ బయటపడుతుంది. ఈ పనికి కావలసిన రెండు ముఖ్య వస్తువులూ కారు రంగుల షెడ్ల అవసరాల నుంచి పుట్టినవే. రంగు అరగదీసేటప్పుడు లేచే ధూళి పనివారి ఆరోగ్యానికి చేటు చేస్తున్న రోజుల్లో, ఫిలడెల్ఫియాకు చెందిన సిరా తయారీదారు ఫ్రాన్సిస్ ఓకీ నీటిలో తడిసినా చెడని గరుకు కాగితాన్ని రూపొందించగా, 3ఎం సంస్థ ఆ హక్కులు కొని 1921లో అమ్మకానికి తెచ్చింది. మన పెయింటర్లు వాటర్ పేపర్ అనేది దీన్నే. ఆ కాగితపు నమూనాలతో ఒక షెడ్డుకు వెళ్లిన రిచర్డ్ డ్రూ అనే యువ ఉద్యోగి, రెండు రంగులు వేసే కార్ల మీద అంటించిన టేపు తీస్తే తాజా రంగు ఊడిరావడం చూసి, రంగును లాగేయని మాస్కింగ్ టేపును 1925 నాటికి తయారుచేశాడు. హెడ్‌లైటు బాగుచేసే ఎవరైనా మొదట చుట్టూ ఉన్న రంగు గీసుకుపోకుండా అంటించుకునేది ఆ టేపే.

పని ఓపిక కోరుతుంది, నైపుణ్యం అంతగా కోరదు. సబ్బునీటితో కడిగి, పూత పెచ్చులుగా ఊడుతుంటే 800 నంబరు, లేకపోతే 1000 నంబరు వాటర్ పేపరును తడిపి ఒకే దిశలో రుద్దాలి. మొదట కారే నీరు పచ్చగా, పాలవిరుగుడులా వస్తుంది, అది పాత పూత, పాడైన ప్లాస్టిక్. నీరు తెల్లబడ్డాక 1500, 2000, 3000 నంబర్లకు మారుతూ ప్రతిసారీ రుద్దే దిశ మార్చుకుంటే ముందటి కాగితం గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఈ దశలో హెడ్‌లైటు ముందు మూత మొత్తం తెల్లగా మసకబారడం చూసి చాలామంది కంగారు పడతారు గానీ, గీతలు అంతటా ఒకే తీరుగా ఉన్నంతవరకు పని సవ్యంగా సాగుతున్నట్టే. ఆపైన రబ్బింగ్ కాంపౌండుతో మెరుగుపెట్టాలి. మిషను వాడేవారు దాన్ని ఒకేచోట ఉంచకూడదు, వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

అసలు మరమ్మతు ఇక్కడి నుంచే మొదలవుతుందని గట్టిగా చెప్పాలి. పాత పూత పూర్తిగా పోయిన ప్లాస్టిక్ ఇప్పుడు రక్షణ లేనిది, అలాగే వదిలేస్తే మునుపటి కంటే త్వరగా పచ్చబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనిచ్చి, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే క్లియర్ కోటును నీడలో, ధూళి లేని చోట వేయాలి. కొన్ని పూతలు మరీ నునుపైన ఉపరితలానికి పట్టవు, సన్నని గీతలు ఉండగానే వాటిని వేయమని డబ్బా మీదే రాసి ఉంటుంది. గట్టిపరిచే ద్రవం కలిపి స్ప్రే చేసే రకాలలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరం కాబట్టి తగిన మాస్కు లేకుండా, తలుపులు మూసిన షెడ్డులో ఈ పని చేయకూడదు. టూత్‌పేస్టు కూడా సన్నని గరుకు పొడే అయినందువల్ల కాస్త మెరుగు తెస్తుంది కానీ రక్షణ ఏమీ ఇవ్వదు. దోమల స్ప్రేలోని డీట్ అనే రసాయనం మరీ హానికరమైనది, అది ప్లాస్టిక్ పైపొరను కరిగించి కాసేపు మెరిపించి తరువాత మరింత పాడుచేస్తుంది. అసిటోన్ తగిలితే మూత పగుళ్లిస్తుంది.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పాత కార్ల మీద జరిపిన పరీక్షలో మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవాటి కాంతిలో 22 శాతమే ఇచ్చాయి, బాగుచేసిన తరువాత అది దాదాపు 70 శాతానికి చేరింది. తరచూ రాత్రి ప్రయాణం చేసేవారికి ఈ లాభం చిన్నది కాదు. పగుళ్లు లోతుకు దిగినా, వెనుక అద్దం కళాయి పోయినా, లోపల తేమ చేరినా బయటి నుంచి ఎంత రుద్దినా ఉపయోగం ఉండదు, హెడ్‌లైటు మార్చవలసిందే. చేతితో వేసిన పూత కర్మాగారపు పూతంత కాలం నిలవదు. అది మళ్లీ మసకబారినప్పుడు మొదటి కాగితం నుంచి అంతా చేయాలి, ప్రతిసారీ ప్లాస్టిక్ కొంత పలచబడుతుంది.