చావుకు ఆరు గడులు

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మదరాసు ప్రెసిడెన్సీలో ఎవరు పోయినా, సర్కారు పుస్తకంలో ఆ చావు ఆరు గడుల్లో ఏదో ఒకదానిలో ఇమడాల్సిందే. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ఇతర కారణాలు. గోదావరి డెల్టాలోని పెంటపాడులో పోయినా, కొల్లేటి లంకలో పోయినా వరస అదే. ప్లేగు వచ్చి పడ్డాక దానికీ ఒక గడి గీశారు.

రాసేవాడు వైద్యుడు కాదు, ఊరి మునసబు. శిస్తు వసూలు చేసే చేత్తోనే పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ రాసేవాడు. ఏ ఇంట పాడె లేచిందో చాలాచోట్ల తలారి వచ్చి చెబితేనే తెలిసేది. ఏమైందని అడిగితే ‘జ్వరమొచ్చి పోయాడండి’ అన్నదే జవాబు. మలేరియా, టైఫాయిడ్, క్షయ, బాలింత జ్వరం అన్నీ ఆ ఒక్క గడిలోకే చేరేవి. ఆ లెక్క తాలూకా కచేరీకి, అక్కణ్ణుంచి జిల్లాకు, చివరికి మదరాసులోని శానిటరీ కమిషనర్ కార్యాలయానికి పోయేది. అక్కడ అచ్చయిన వార్షిక నివేదికల్లో ఊరి పేరు మాయమై జిల్లా మొత్తం మాత్రమే మిగిలేది.

అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ లెక్కల కథ తిరగేస్తే, పేరు పెట్టుకున్న గడులు ముందే తెలిసిన జబ్బుల్ని పట్టిచ్చాయి. తెలియనిది వచ్చినప్పుడల్లా భారం జ్వరాల గడి మీదో, పేరులేని ఆ చివరి గడి మీదో పడింది.

సిపాయిల కోసం మొదలైన లెక్క

ఈ పద్ధతి ప్రజల మీద ప్రేమతో పుట్టలేదు. 1857 తిరుగుబాటు తర్వాత తెల్ల సైనికుల్ని పెద్ద సంఖ్యలో ఇక్కడ నిలపాల్సి వచ్చింది. వాళ్ళు యుద్ధాల్లో కన్నా జబ్బులతోనే ఎక్కువగా రాలిపోతున్నారు. 1859లో వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. భారతదేశంలో బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని తేల్చింది. ఆ విచారణ వెనక ఫ్లోరెన్స్ నైటింగేల్ ఉంది. ఆమె ఏనాడూ ఈ నేల మీద అడుగు పెట్టలేదు. అయినా నీళ్ళు ఎక్కడివి, మురుగు ఎటు పోతోంది, ఆసుపత్రిలో ఎందరున్నారు అంటూ ఇక్కడి కంటోన్మెంట్లకు ప్రశ్నపత్రాలు పంపి జవాబులు రప్పించింది. మన దేశంలో పైనుంచి ఫారం వచ్చి కిందినుంచి లెక్క పోయే పద్ధతికి అది తొలి నమూనాల్లో ఒకటి.

సిపాయి ఆరోగ్యం పక్కనున్న బజారు మీద, బజారు ఆరోగ్యం చుట్టుపక్కల ఊళ్ళ మీద ఆధారపడి ఉంటుందని దొరలకు అర్థమైంది. 1864లో బెంగాల్, బొంబాయి, మదరాసుల్లో శానిటరీ కమిషన్లు వెలిశాయి. కంటోన్మెంట్ లేని గోదావరి పల్లెలు కూడా అలా లెక్కలోకి వచ్చాయి. 1899లో మదరాసు ప్రభుత్వం జనన మరణాల నమోదుకు చట్టం చేసింది. 1939 నాటి మదరాసు ప్రజారోగ్య చట్టం మరో అడుగు ముందుకేసి, కొన్ని అంటువ్యాధుల్ని చూసిన వైద్యుడు అధికారులకు తెలియజేసి తీరాలంది. ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా వచ్చింది ఆ చట్టమే.

ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. అమెరికా 1878లో విదేశాల్లోని తన కాన్సుల్స్ నుంచి కలరా, మశూచి, ప్లేగు, పచ్చజ్వరం సమాచారం తెప్పించుకోవడం మొదలుపెట్టింది. తన సొంత రాష్ట్రాల, పట్టణాల లెక్కలు అడగడానికి 1893 దాకా ఆగింది. రాష్ట్రాలన్నీ ఆ లెక్కలు పంపే దశకు 1925లో గానీ చేరలేదు.

జ్వరం గడిలో ఇన్‌ఫ్లుయెంజా

గడుల పద్ధతి ఎంత గుడ్డిదో 1918లో బయటపడింది. ఆ ఏడాది ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చేసింది. పుస్తకంలో దానికి గడి లేదు. దేశమంతటా మునసబులు, చౌకీదార్లు ఆ చావుల్ని ‘జ్వరాలు’ కిందే ఎక్కువగా రాసుకుపోయారు. రాసేవాళ్ళే మంచాన పడ్డచోట పుస్తకం ఖాళీగా మిగిలింది. అధికారులు చేయగలిగిందల్లా మామూలు ఏళ్ళలో జ్వరం చావులు ఎన్ని, ఈ ఏడు ఎన్ని అని తీసివేత లెక్క వేసుకోవడం. అలా దేశం మొత్తం మీద 60 లక్షలన్నారు. తర్వాతి పరిశోధకులు జనాభా లెక్కలు తిరగేసి కోటీ డెబ్బై, ఎనభై లక్షల దాకా అంచనా కట్టారు. ఈ తేడా చూస్తే కోటికి పైగా ప్రాణాలు లెక్కకే అందకుండా పోయాయన్నమాట.

మశూచిది ఇంకో రకం చిక్కు. దానికి గడి ఉంది, పేరు ఉంది. అందరూ గుర్తుపట్టే జబ్బు కూడా. కానీ ఇంట్లో వాళ్ళకు అది అమ్మవారు పోయడం. వేపమండలు కట్టి, మడి పాటించి, తల్లి చల్లబడాలని మొక్కుకునే ఇంటివాళ్ళు టీకాల వాడికి కబురు పెడతారా? అందుకే 1973 చివర్లో మశూచి నిర్మూలన సిబ్బంది లెక్కలు వచ్చేదాకా కూర్చోకుండా ఉత్తరప్రదేశ్, బీహార్లలో ఇంటింటికీ వెళ్ళారు. ఎవరూ చెప్పని కేసులు వేలల్లో తేలాయి. దేశంలో ఇక్కడే పుట్టిన చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైంది. పైకొచ్చే కాగితం మీద ఆధారపడ్డన్నాళ్ళూ లొంగని జబ్బు, గడప దగ్గరికి మనిషిని పంపాక లొంగింది.

మూడు ఫారాలు

కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. జనన మరణాల పుస్తకం చేతులు మారుతూ పంచాయతీ కార్యదర్శి బల్ల మీదికి చేరింది. జబ్బుల లెక్క మాత్రం ఆరోగ్య శాఖ దారిలో సాగింది. 1994లో సూరత్ ప్లేగు దేశాన్ని వణికించాక, జబ్బు ముదరకముందే పసిగట్టే ఏర్పాటు కావాలన్న ఆలోచన బలపడింది. 2004లో కేంద్రం సమీకృత వ్యాధి నిఘా పథకం మొదలుపెట్టింది. మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్ చేరింది.

దాని నడక సులువే. ఊళ్ళో ఏఎన్ఎం నింపేది ఎస్ ఫారం. లక్షణాలు చూసి రాయడమే ఆమె పని. డాక్టరు రోగిని చూసి తన అనుమానం రాసేది పి ఫారం. ల్యాబ్‌లో పరీక్ష తేల్చాక నింపేది ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. 2018 నవంబరులో ఈ మూడింటినీ ఆన్‌లైన్లోకి మార్చే వేదిక మొదలైనప్పుడు తొలి ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. కాగితం పోయి ట్యాబ్ వచ్చింది. వారానికోసారి పోయే లెక్క రోజూ పోవడం మొదలైంది.

ఎస్ ఫారంలో జ్వరం, దగ్గు, నీళ్ళ విరేచనాలు, కామెర్లు లాంటివి వరసగా ఉంటాయి. అన్నిటికన్నా కింద ఇంకొకటి: పై వాటిలో చేరకుండా ఆసుపత్రి పాలు చేసిన, లేదా ప్రాణం తీసిన అసాధారణ లక్షణాలు. మునసబు పుస్తకంలోని ‘ఇతర కారణాలు’ చెత్తబుట్ట. ఇది అలా కాదు, గంట మోగించాల్సిన గడి.

ఏలూరు, 2020 డిసెంబరు

ఆ గడికి అసలైన పరీక్ష ఏలూరులో ఎదురైంది. 2020 డిసెంబరు 5, శనివారం నాటికి వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, వాంతులు, తలనొప్పి, కొద్ది నిమిషాలు స్పృహ లేకపోవడం. ఎక్కువమంది గంటల్లోనే తేరుకున్నారు, ఒకరు చనిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. కరోనా కాదని, డెంగీ కాదని పరీక్షలు చెప్పాయి.

ఫారం పైకి చేరేదాకా కాచుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. ఇక్కడ లెక్క ప్రభుత్వాసుపత్రి మంచాల దగ్గరే పుట్టింది. ఎవరు, ఏ వీధి, ఏ నీళ్ళు తాగారు, ఏం తిన్నారు అని ఇంటింటి సర్వే జరిగింది. ఆ జవాబులే దర్యాప్తును నడిపాయి. కృష్ణా, గోదావరి కాలువల నీళ్ళు తాగే ఊరు కాబట్టి మొదట అందరి వేలూ కుళాయి వైపే చూపింది. మున్సిపల్ నీళ్ళు వాడనివాళ్ళూ పడిపోయారని తేలడంతో ఆ అనుమానం అంత తేలిగ్గా నిలబడలేదు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. చివరికి డిసెంబరు మధ్యలో, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండొచ్చని ఎయిమ్స్, జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) నిపుణులు ప్రభుత్వానికి తెలిపారు. ఒంట్లోకి ఎలా చేరాయో తేల్చాలంటే దీర్ఘకాల అధ్యయనం కావాలన్నారు. 2021 జనవరిలో భీమడోలు మండలం పూళ్ళలో, దెందులూరు మండలం కొమిరేపల్లిలో మళ్ళీ అలాంటి కేసులే వచ్చాయి.

ఈ ఘటన రెండు సంగతులు తేల్చింది. ఒకటి, అంటువ్యాధుల కోసం గీసిన ఫారం విషాన్ని వెతకదు. మందు కొట్టే వరి చేలూ, చేపల చెరువులూ, కాయగూరల బజారూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఈ డెల్టాలో, రక్తంలో సీసం ఎంతుంది, పురుగుమందు ఎంతుంది అని ఎప్పటికప్పుడు చూసే ఏర్పాటు పల్లె ఆసుపత్రిలో లేదు. రెండోది, పల్లెలో జ్వరమొస్తే చాలామంది ముందు వెళ్ళేది డిగ్రీ లేని ఊరి వైద్యుడు, ఆర్ఎంపీ దగ్గరికి. ఆయన చూసిన రోగి ఎస్ ఫారంలో లేడు, పి ఫారంలోనూ లేడు.

సున్నా కూడా లెక్కే

నిఘా పథకంలో ఒక నియమం ఉంది. జబ్బేమీ లేకపోయినా గడి ఖాళీగా వదలకూడదు, సున్నా అని రాసి పంపాలి. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని అర్థం, సున్నా అంటే అడిగి చూశామని. మునసబు కాలంలో ఈ తేడా కనిపెట్టే దారే లేదు. ఇప్పుడు ఉంది. కానీ గడప ఎక్కకుండా కొట్టిన సున్నా ఖాళీ కన్నా ప్రమాదం, ఎందుకంటే అది నమ్మిస్తుంది.

అందుకే పెంటపాడు లాంటి మండలం నుంచి వచ్చే ఎస్ ఫారాన్ని ఏలూరులో, భీమవరంలో కూర్చున్న అధికారి అడుగునుంచి పైకి చదవడం మంచిది. చివరి గడిలో నెలల తరబడి సున్నాలే వస్తుంటే సంతోషించే ముందు, ఆ సున్నా వెనక ఎన్ని ఇళ్ళు తిరిగారో అడగాలి. ఆ తర్వాత ఆ లెక్కను మళ్ళీ ఊరికే పంపించాలి. ఇన్నేళ్ళుగా తమ జ్వరాల్నీ తమ చావుల్నీ పైకి పంపుతున్న జనానికి, వాటిలో ఏం తేలిందో తెలుసుకునే హక్కు ఉంది.