గోడలోని చెమ్మ



కృష్ణా డెల్టావాసులకు నీటి విలువ యొకరు చెప్పవలసిన పని లేదు. 1832-33 నాటి కరవున గుంటూరు సీమ యెంత నశించెనో మన పూర్వులు తరతరములుగా చెప్పుకొనిరి. పిమ్మట ఆర్థర్ కాటన్ సూచన ననుసరించి, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున, 1852 మొదలు 1855 వఱకు విజయవాడకును సీతానగరమునకును నడుమ ఆనకట్ట కట్టబడెను. కాలువలు పాఱెను, మాగాణి పండెను. అయితే ఆ నీరు చేలకే పోయి యూరకుండలేదు. నేలలో నింకి, లోనీటి మట్టమును పైకి దెచ్చి, మన యిండ్ల పునాదులను గూడ చేరెను. నీటికిని గోడకును గల యీ వ్యవహారమును గుఱించి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుకగోడ నేలలోని నీటిని పీల్చును. ఆ నీరు ఆవిరియై పోవునపుడు, దానితో వచ్చిన లవణములు గోడలో నిలిచి గడ్డకట్టి, ఇటుకను పొడిగా రాల్చును. గోడకు ఉప్పు పట్టినదని మన మనునది దీనినే.

మన పూర్వులు దీనిని అనుభవముచే నెఱిగిరి. పునాదికి రాయి వాడిరి. అరుగులు ఎత్తుగా కట్టిరి. నేలగచ్చు క్రింద ఇసుక పోసిరి. ముతక యిసుకలో నీరు అంతగా పైకి ప్రాకదు. సున్నపుపూత చెమ్మను వెలికి పోనిచ్చును. తాటాకు కప్పు వంటయింటి యావిరిని నిలువనీయదు.

తరువాత సిమెంటు వచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పిమ్మట పక్కాయిల్లు ప్రాణావసరమని యెల్లరు గ్రహించిరి. కావున సిమెంటును నేను నిందింపను. కాని పాత సున్నపుగోడపై సిమెంటు పూసినచో చెమ్మకు వెలుపలి దారి మూతపడును. అది మఱింత పైకి ప్రాకి వేఱొకచోట బయటపడును.

చలిదేశమైన ఉత్తర అమెరికాలో 1930 తరువాత ఇట్టిదే మఱొక చిక్కు కలిగెను. చలి నాపుటకు గోడల నడుమ దూదివంటి పదార్థము నింపగా, ఇంటిలోని వెచ్చని యావిరి గోడలో దూఱి, చల్లనిచోట నీరై, చెక్కను చెఱచి రంగు నూడదీసెను. 1937లో టీస్‌డేల్, ఆ కాలముననే మిన్నెసోటా విశ్వవిద్యాలయపు రౌలీ దీనిని పరిశోధించిరి. గోడకు వెచ్చని వైపున, అనగా ఇంటి లోపలి వైపున, ఆవిరి నాపు పొర వేయుట నాటినుండి వ్యాపించెను.

ఆ పద్ధతిని మనము ఉన్నదున్నట్లు తెచ్చుకొనరాదు. మన సీమలో వెచ్చని తడిగాలి వెలుపలనే యుండును. చల్లని యంత్రము పెట్టిన గదికి లోపలివైపున ప్లాస్టిక్ పొర యంటించినచో, బయటి చెమ్మ దాని వెనుక నీరై నిలిచి బూజు పట్టించును. సంక్రాంతినాటి తెల్లవారుజామున రేకుల కప్పునుండి నీటిబొట్లు రాలుట మీ రెఱిగినదే. అచ్చట చల్లనిది రేకు, ఆవిరి యింటిలోనిది. నియమ మొక్కటే, దిక్కు మాత్రము మాఱును.

కావున చెమ్మ వచ్చు దారిని మూయుడు. పోవు దారిని విడువుడు. క్రొత్త యిల్లు కట్టించునపుడు, పునాదిపై గోడ లేపకముందే నీరు పీల్చని కాంక్రీటు పట్టీ వేయించి తారు పూయించుడు. పాత సున్నపుగోడకు సున్నమే పూయించుడు. రేకుల యింటికి చూరు క్రింద గాలికి త్రోవ యుంచుడు. తడిగోడల నడుమ వడ్లు ముక్కిపోవును, దస్తావేజులు చివుకును, ఉబ్బసపు రోగి మఱింత బాధపడును. పునాదినాడు స్వల్పవ్యయముతో నగు పని, గోడ లేచిన పిమ్మట మిక్కిలి కష్టసాధ్యము.