సీటిచ్చారు సరే, చోటేదీ? – సైన్సు చదువుల మొదటి ఏడాది చరిత్ర

దళితుల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు కూడా రెండు లెక్కలే చెప్తారు. ఎన్ని సీట్లు దక్కాయి, ఎన్ని ఉద్యోగాలు దక్కాయి. ఈ రెండింటికీ నడుమ కాలేజీలో గడిపే నాలుగేళ్లుంటాయి. అందులో మొదటిది అన్నిటికంటే గడ్డు ఏడాది. ఇంజనీరింగు కానీ, మెడిసిన్ కానీ, బీఎస్సీ కానీ, చేతికొచ్చిన సీటు చేజారే ప్రమాదం ముందుగా ఎదురయ్యేది అక్కడే. ఈ మొదటి ఏడాదికీ ఒక చరిత్ర ఉంది. దాన్ని ప్రతిభ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అనే కథగా అగ్రకుల మేధావులు ఎప్పుడో రాసిపెట్టారు. ఆ కథని ఇవతలి గట్టు నుంచి చదివితే ఏం కనబడుతుందో చూడాలన్నదే మా ప్రయత్నం.

1942లో అడిగింది ఏమిటి?

సైన్సు, సాంకేతిక విద్యలు దళితులకు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. మనం అడిగి తీసుకున్నవి. 1942 జూలైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా చేరిన అంబేద్కర్, అదే ఏడాది అక్టోబర్ 29న లిన్‌లిత్‌గోకి ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో ఆయన వాదన సూటిగా ఉంది. ఆర్ట్సు, లా డిగ్రీలతో షెడ్యూల్డు కులాలకు ఒరిగేది తక్కువ, ముందుకు తీసుకుపోయేది సైన్సు, టెక్నాలజీ చదువులే, కాని వాటి ఖర్చు మోసే శక్తి వీళ్లకు లేదు అన్నారు. అందుకని దేశంలో ఈ చదువులు చదివేవాళ్ల స్కాలర్‌షిప్పులకు ఏటా 2 లక్షలు, విదేశాల్లో చదివేవాళ్లకు ఏటా 1 లక్ష అడిగారు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో దళిత పిల్లలను అప్రెంటిసులుగా తీసుకోవాలని కూడా అడిగారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన డబ్బు అడిగారు, పని నేర్పే చోటు కూడా అడిగారు. పుస్తకంతో పాటు మరచక్రం దగ్గర నిలబడే హక్కు అడిగారు. 1944-45లో షెడ్యూల్డు కులాల కోసం మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఈ పోరాటం ఫలితమే. ఈనాటికీ మన పిల్లల్లో చాలామంది కాలేజీ గడప తొక్కుతున్నది దాని మీదే. అంబేద్కర్ అక్కడితో ఆగలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. అది ఆర్ట్సు, సైన్సు రెండూ ఉన్న కాలేజీ.

1951: ఒక తలుపు మూసుకుంది, ఒకటి తెరుచుకుంది

అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన ఆంధ్ర జిల్లాలూ ఉన్నాయి. అక్కడ కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో 2 సీట్లు హరిజనులకు కేటాయించేవారు. మెడికల్, ఇంజనీరింగు సీట్ల విషయంలో ఇద్దరు బ్రాహ్మణ అభ్యర్థులు కోర్టుకెక్కారు. 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. దానికి జవాబుగా కొన్ని వారాల్లోనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) అధికరణం చేరింది. అంటే రిజర్వేషన్ల మీద స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి పెద్ద కొట్లాటే సైన్సు, టెక్నాలజీ సీట్ల మీద జరిగింది. ఇది కాకతాళీయం కాదు. ఆధునిక ఆస్తి ఎక్కడ పుడుతుందో అగ్రకులాలకు బాగా తెలుసు.

అదే 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ మొదలైంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ అమలు చేసింది మాత్రం 1973లో. నడుమ 22 ఏళ్లు. పన్నులు కట్టిన కూలీల డబ్బుతో కట్టిన ఆ భవనాల్లో ఆ కూలీల బిడ్డలకు కోటా అనేదే లేకుండా ఒక తరం గడిచింది. ఆ తరంలో చదివి పోయినవాళ్లే తరవాత ప్రతిభకు కొలతలు నిర్ణయించే కుర్చీల్లో కూర్చున్నారు.

సీటు వచ్చాక ఏమైంది?

సీట్లు మిగిలిపోతున్నాయని ఐఐటీల్లో ఏడాది ప్రిపరేటరీ కోర్సు పెట్టారు. ప్రవేశ పరీక్షలో తగ్గించిన కటాఫ్ కూడా అందనివాళ్లలో కొందరికి ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు, ఇంగ్లీషు చెప్పి, పాసైతే మళ్లీ ఎంట్రెన్సు లేకుండా మొదటి ఏడాదిలోకి తీసుకుంటారు. దాన్ని మేము చులకన చేయం. ఆ ఒక్క ఏడాది దొరక్కపోతే ఇంజనీర్లు కాలేకపోయేవాళ్లు ఉన్నారు. కాని అందులో దాగిన ఊహను పట్టుకోవాలి. లోపం విద్యార్థిలో ఉంది, అతన్ని బాగుచేసి పంపితే చాలు, సంస్థ మారక్కర్లేదు అనేదే ఆ ఊహ. రెమిడియల్ క్లాసు అనే మాట కూడా ఆ బాపతుదే. రోగం ఎవరిదో ముందే తేల్చేసి మందు రాసిన చీటీ అది.

లోపం ఎక్కడుందో ఒక చిన్న ఉదాహరణతో చెప్తాం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన పిల్ల అవకలనం, సమాకలనం, ద్రవ్యవేగం నేర్చుకుని వస్తుంది. లెక్క చేయగలదు. ఇంజనీరింగు మొదటి క్లాసులో లెక్చరరు డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, మొమెంటమ్ అంటూ గంటలో బోర్డు నింపి తుడిచేస్తాడు. ఆ పిల్లకు తెలిసిన సంగతే తెలియనిదైపోతుంది. నోరు తెరిచి అడిగితే, కోటా సీటు గదా అని వెనక బెంచీలో నవ్వు. రెండో నెల నుంచి అడగడం మానేస్తుంది. ఇంటర్నల్‌లో మార్కులు పోతాయి. దానికి తక్కువ ప్రతిభ అని పేరు పెడతారు. నిజానికి అది అనువాదం లేని క్లాసు, నోరు నొక్కిన క్లాసు.

ఇంకో సంగతి. మా తాతల లందల్లో తోలుని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క కషాయంలో ఊరబెట్టేవారు. ఎన్నాళ్లు ఊరాలో, ఎప్పుడు తిప్పాలో చేత్తో పట్టుకుని చెప్పేవారు. అది కెమిస్ట్రీ కాక మరేమిటి? 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టినప్పుడు ఆ పని సైన్సు అయింది. అదే పని వాడలో ఉన్నంతకాలం మైలగానే ఉంది. ఆ వాడ బిడ్డ ల్యాబులోకి అడుగుపెడితే, మీకు సైన్సు బ్యాక్‌గ్రౌండు లేదంటారు!

లెక్కల్లోకి ఎక్కిన వివక్ష

ఇవి మా మనసులో పుట్టిన అనుమానాలని కొట్టిపారేసేవాళ్లకు 2007 నాటి థోరాట్ కమిటీ నివేదిక చూపాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద ప్రభుత్వమే వేసిన కమిటీ అది. అధ్యాపకుల నుంచి తగినంత తోడ్పాటు అందడం లేదని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 69 శాతం మంది చెప్పారు. హాస్టళ్లలో వేధింపులు పడలేక వాళ్లంతా ఒకచోట చేరి ఉండాల్సి వస్తున్నదని కూడా అందులో తేలింది. ఊరవతల వాడ హాస్టల్ దాకా నడిచొచ్చింది. ఎయిమ్స్ ఆ నివేదికను ఒప్పుకోలేదు.

2015లో రూర్కీ ఐఐటీ మొదటి ఏడాదిలో గ్రేడ్ సగటు 5కి తగ్గిందని 70 మందికి పైగా విద్యార్థులను తీసేసింది. వాళ్లలో అత్యధికులు రిజర్వుడు వర్గాలవాళ్లే. గొడవ అయ్యాక సంస్థే ఇంకో అవకాశం ఇచ్చింది. ఒకే క్లాసులో ఒకే వర్గాలవాళ్లు గుంపుగా వెనకబడితే, పరీక్ష పెట్టాల్సింది ఆ క్లాసుకు గదా!

క్లాసు దాకా రాకుండానే గడప దగ్గర ఆగినవాళ్లూ ఉన్నారు. 2021 నవంబరులో, మళ్లీ 2024 సెప్టెంబరులో, గడువులోగా ఫీజు చెల్లింపు పూర్తికాక ఐఐటీ సీటు పోగొట్టుకున్న దళిత విద్యార్థులకు సుప్రీంకోర్టు తన ప్రత్యేకాధికారంతో సీటు ఇప్పించింది. 2024 నాటి అబ్బాయి తండ్రి రోజుకూలి, కట్టాల్సింది 17,500 రూపాయలు. 2016 నుంచి ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు మాఫీ అయినా, సీటు ఖాయం చేసుకునే డబ్బు ముందు కట్టాల్సిందే. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవాళ్ల పేర్లు పేపర్లో వచ్చాయి. వెళ్లలేనివాళ్లు కూలికి పోయుంటారు.

ఆదుకున్నది ఎవరు?

ఇన్నేళ్లుగా మొదటి ఏడాది పిల్లలను నిలబెట్టింది సర్కారు స్కీముల కన్నా సీనియర్లే. పాత నోట్సు, డ్రాఫ్టరు, ల్యాబు రికార్డు చేతులు మారాయి. స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే మెస్సు బిల్లు సీనియరు కట్టాడు. తనకూ స్కాలర్‌షిప్పు రాలేదు, అయినా కట్టాడు. 1993లో హైదరాబాద్ యూనివర్సిటీలో పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్, 2014లో మద్రాసు ఐఐటీలో మొదలైన అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ రాజకీయ సంఘాలే. కాని భయపడుతూ వచ్చిన కుర్రాడికి, నువ్వు ఒక్కడివే కాదు అని చెప్పిన చోటు కూడా ఇలాంటి సంఘాలే. స్టడీ సర్కిల్‌ను 2015లో యాజమాన్యం గుర్తింపు రద్దు చేసి, నిరసనలు రేగాక పునరుద్ధరించింది. తాము చేయాల్సిన పనిని విద్యార్థులు చేసుకుంటుంటే దాన్నీ అనుమానించారు.

కాబట్టి అధ్యాపకులుగా, విద్యార్థులుగా, కార్యకర్తలుగా మనం అడగాల్సింది ఇది. ముందు డబ్బు కట్టించుకుని తర్వాత సీటు ఖాయం చేసే పద్ధతి దళిత, ఆదివాసీ పిల్లలకు పోవాలి. మొదటి సెమిస్టరులో భాషను, లెక్కలను కలిపి చెప్పే క్లాసులు కులం ముద్ర లేకుండా, మాతృభాషలో చదివొచ్చిన ప్రతి ఒక్కరికీ టైంటేబుల్లోనే ఉండాలి. జవాబు పత్రం మీద పేరు కనబడకూడదు, వైవా ఒక్కరి చేతిలో ఉండకూడదు. ఎవర్నయినా తీసేసే ముందు ఆ విద్యార్థికి ఏం నేర్పారో, ఎప్పుడు పిలిచి మాట్లాడారో సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి. ఖాళీగా ఉంచిన ఎస్సీ, ఎస్టీ అధ్యాపక పోస్టులు నింపాలి. సీనియర్లు చేసే పనికి గుర్తింపు, గౌరవ వేతనం ఇవ్వాలి.

1942లో అంబేద్కర్ అడిగింది భిక్ష కాదు, బడ్జెట్టు. చదువు చెప్పే చోటులో వాటా. ఆ వినతిపత్రంలో సగమే అమలైంది. మిగిలిన సగం ప్రతి జూలైలో, ప్రతి ఆగస్టులో, ఇనుప పెట్టె మోసుకుని హాస్టలు గేటు దగ్గర నిలబడే మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ బాకీ ఉంది. వసూలు చేయాల్సింది మనమే.