మంచు, మబ్బు, ఆశ: ఫిన్లాండ్ పేర్ల వెనక చరిత్ర

హెల్సింకీని ఆనుకుని ఉన్న ఎస్పో ఊళ్ళో మేముంటాం. మా వీధి పిల్లల పేర్లకు అర్థాలు అడిగితే సగం ఋతువులు, సగం అడవి చేతికొస్తాయి. లుమి అంటే మంచు. పిల్వి అంటే మబ్బు. తూలి గాలి, మెరి సముద్రం, సువి వేసవి, సతు కథ. ఒత్సో అంటే ఎలుగుబంటి, అదీ పాత పాటల్లో దాన్ని గౌరవంగా పిలిచే పేరు. పెద్దవాళ్ళ తరంలోకి వెళ్తే తోయివో అంటే ఆశ, రౌహా అంటే శాంతి, అర్మాస్ అంటే ప్రియమైనవాడు, ఉర్హో అంటే వీరుడు. ఈ దేశాన్ని పాతికేళ్ళకు పైగా ఏలిన అధ్యక్షుడు కెక్కొనెన్ పేరు ఉర్హోయే.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇవి చెబితే మనవాళ్ళు ముచ్చటపడతారు. ప్రకృతితో కలిసి బతికే జనం గదా, అనాదిగా అలాగే పెట్టుకుంటున్నారనుకుంటారు. అసలు సంగతి వేరు. ఈ పేర్లలో చాలావాటికి నూట యాభై ఏళ్ళ వయసు కూడా లేదు. వాటిని పనిగట్టుకుని తెచ్చుకున్నారు. ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చిందో తెలిస్తే ఈ దేశ చరిత్ర సగం తెలిసినట్టే.

క్రైస్తవం రాకముందు ఇక్కడా సొంత పేర్లుండేవి. చర్చి వచ్చాక వాటి స్థానంలో సాధువుల పేర్లు వచ్చాయి. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. చదువు, కోర్టు, కచేరీ అన్నీ స్వీడిష్‌లోనే. జనంలో ఎక్కువమంది మాట్లాడేది ఫిన్నిష్. ఆ రెండిటి మధ్య అగాధం అన్నిటికన్నా బాగా కనబడేది చర్చి రిజిస్టర్లలో. ఇంట్లో హైక్కి అని పిలిచే పిల్లవాణ్ణి పాదిరీ హెన్రిక్ అని రాసేవాడు. అంత్తి ఆండెర్స్ అయ్యేవాడు, యూర్యో గేఓర్గ్ అయ్యేవాడు, లీసా ఎలిసబెత్ అయ్యేది. పుట్టుక, పెళ్ళి, చావు మూడూ ఆ పేరు మీదే నమోదు. తన పేరు పుస్తకంలో ఎలా ఉందో తెలియకుండానే బతికి వెళ్ళిపోయిన రైతులు తరాల తరబడి ఉన్నారు. ఇప్పుడు తాతముత్తాతల వివరాలు వెతికేవాళ్ళు ఆ స్వీడిష్ పేర్లను మళ్ళీ ఫిన్నిష్‌లోకి మార్చుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

1809లో దేశం రష్యా జారు చేతికి వెళ్ళింది. చక్రవర్తి మారాడు గాని కచేరీ భాష మాత్రం స్వీడిష్‌గానే ఉండిపోయింది. ఆ రోజుల్లో కాయాని అనే మారుమూల పట్టణంలో ఎలియాస్ లోన్రోత్ అనే వైద్యుడుండేవాడు. సెలవు పెట్టి ఊళ్ళు తిరిగి, పల్లె గాయకులు పాడే పాటలు రాసుకుని, వాటిని గుచ్చి ‘కలేవల’ అనే కావ్యం చేశాడు. మొదటి కూర్పు 1835లో, పెద్ద కూర్పు 1849లో వచ్చాయి. పిల్లల పేర్లకు ఊట ఆ పుస్తకమే. వైనో, ఇల్మారి, అడవి దేవుడు తాపియో, ఆయన ఇల్లాలు మియెలిక్కి, తెల్లెర్వో అందరూ అందులోంచి నడిచి వచ్చినవాళ్ళే.

వాళ్ళలో ఐనో గురించి కొంచెం ఆగి చెప్పాలి. పల్లె పాటల్లో ఆ పేరుతో ఎవరూ లేరు. ‘ఐనో’ అంటే ‘ఒక్కగానొక్క’ అని ఒక విశేషణం, అంతే. ఒక్కగానొక్క ఆడబిడ్డ అని పాటకులు పాడితే, లోన్రోత్ ఆ విశేషణాన్ని పేరుగా మార్చి ఒక కన్యను నిలబెట్టాడు. కావ్యంలోని ముసలి వీరుడు వైనమోయినెన్‌కిచ్చి పెళ్ళి చేస్తామంటే ఒప్పుకోక నీళ్ళలో ప్రాణం విడిచిన పిల్ల ఆమె. అలాంటి కథ ఉన్న పేరు బిడ్డకు పెట్టడానికి మన ఇళ్ళలో పదిమార్లు ఆలోచిస్తారు. ఇక్కడ మాత్రం ఫిన్నిష్ భాష కోసం నిలబడిన కుటుంబాలు కూతుళ్ళకు ఏరికోరి అదే పెట్టాయి. స్వరకర్త సిబేలియుస్ భార్య 1871లో పుట్టిన ఐనో. ఆయన కట్టుకున్న ఇంటి పేరు కూడా ఐనోలా, అంటే ఐనో ఉండే చోటు. చిత్రకారుడు గల్లెన్ కల్లెలా ఆమె కథను మూడు ఫలకాల బొమ్మగా వేశాడు. నీటి అంచున ఉన్న ఆ పిల్లను హెల్సింకీలోని అతెనెయుమ్ మ్యూజియంలో చూడొచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊరూరా ఐనోలే. నడుమ కొన్నాళ్ళు మరుగునపడి, ఈ శతాబ్దంలో ఆ పేరు మళ్ళీ పైకొచ్చింది.

ఇంటిపేర్ల కథ మన పాఠకులకు ఇంకా దగ్గరగా తోస్తుంది. తూర్పు ఫిన్లాండ్‌లో వంశం పేర్లు శతాబ్దాలుగా ఉన్నాయి. చివర ‘నెన్’ అని వచ్చేవాటిలో చాలా వరకు అవే. పడమట పద్ధతి వేరు. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. మత్తిలా అంటే మత్తి ఇల్లు. ఆ ఇంట్లో ఉన్నంతకాలం హైక్కి మత్తిలా. ఉసితాలో, అంటే కొత్తిల్లు అనే పొలానికి ఇల్లరికం వెళ్ళాడా, ఆ రోజునుంచి హైక్కి ఉసితాలో. మన ఇల్లరికపు అల్లుడు ఎన్నేళ్ళు అత్తారింట్లో ఉన్నా ఇంటిపేరు వదులుకోడు. ఇక్కడ ఇల్లే మనిషికి పేరు పెట్టింది. తూర్పున ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకునేవారు. భర్త పేరు తీసుకోవాల్సిందేనన్న చట్టం 1930లో అమలుకొచ్చి 1986 దాకా నడిచింది. పాతకాలమంతా స్త్రీలకు సంకెళ్ళు, కొత్తకాలమంతా విడుదల అనుకునేవాళ్ళు ఈ తేదీలు ఒకసారి చూడాలి.

పట్నాలకు వచ్చినవాళ్ళకు, చదువుకున్నవాళ్ళకు, సిపాయిలకు, చేతిపనివాళ్ళకు స్వీడిష్ ఇంటిపేర్లు అంటుకున్నాయి. 1899 నుంచి రష్యా పట్టు బిగించాక, మనం ఎవరం అన్న ప్రశ్న ఇంటింటికీ వచ్చింది. 1906 మే 12న తత్త్వవేత్త స్నెల్‌మాన్ శతజయంతి. ఆ సందర్భంగా అందరం ఫిన్నిష్ ఇంటిపేర్లు పెట్టుకుందామని రచయిత యొహన్నెస్ లిన్నన్‌కోస్కి పిలుపునిచ్చాడు. ప్రభుత్వ గెజెట్ వరసగా పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన అచ్చువేసింది. ఆ ఏడూ ఆ పై ఏడూ కలిపి సుమారు లక్షమంది మారారు. అక్సెల్ గల్లెన్ 1907లో అక్సెలి గల్లెన్ కల్లెలా అయ్యాడు. యొహాన్ గుస్తఫ్ హెల్‌స్టేన్ అనే విద్యార్థి ఇంకా ముందే, 1885లోనే, యుహో కుస్తి పాసికివిగా మారాడు. పాత పేరులోనూ రాయే, కొత్త పేరులోనూ రాయే. భాష ఒక్కటే మారింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాన్ని నడిపిన అధ్యక్షుడు ఆయనే.

ఈ ఉద్యమం నాకు గొప్పగా తోచే కారణం ఒకటుంది. ఎవరి జయంతికి లక్షమంది పేర్లు మార్చుకున్నారో ఆ స్నెల్‌మాన్ ఇంటిపేరు స్వీడిషే, మాతృభాషా స్వీడిషే. లోన్రోత్ కూడా చివరిదాకా లోన్రోత్‌గానే ఉన్నాడు. సిబేలియుస్ మారలేదు. మారనివాళ్ళను దేశం తనవాళ్ళు కాదనలేదు. ఇప్పటికీ స్వీడిష్ ఇక్కడ రాజభాషల్లో ఒకటి. అయితే అదే కాలంలో ఉత్తరాన సామీ జనం పేర్లను మాత్రం ఫిన్నిష్ పాదిరీలు తమ భాషలోకి మార్చి రాసుకున్నారు. ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు అన్న బాధ తెలిసిన జనమే దాన్ని ఇంకొకరికి పెట్టారు. ఇది బాధగా ఉన్నా చెప్పకుండా వదిలేస్తే చరిత్ర చెప్పినట్టు కాదు.

ఇక్కడి పేరుపెట్టే వేడుక మన బారసాలకు దగ్గరిదే. పుట్టిన మూడు నెలల్లోగా పేరు నమోదు చేయాలి. వేడుక దాకా ఆ పేరు తాతకూ అమ్మమ్మకూ కూడా చెప్పరు. పక్కింటివాళ్ళు తమ పాప నామకరణానికి మమ్మల్ని పిలిచారు. హాల్లోనే టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి, వెండి గిన్నెలో నీళ్ళు పెట్టారు. పాప గౌను పాదాలు దాటి ఇంకో మూరెడు కిందికి వేలాడుతోంది. ఆ ఇంట్లో నాలుగు తరాల పిల్లలు వేసుకున్నదట. పాదిరీ పేరు అడగగానే తల్లి గట్టిగా, ‘లుమి ఐనో’ అంది. మూలన కూర్చున్న ముత్తవ్వ వెంటనే చేత్తో నోరు మూసుకుంది. రెండోది ఆమె పేరు. తర్వాత కాఫీతో పాటు యాలకుల వాసన వేసే పుల్లా రొట్టె పెట్టారు. ముత్తవ్వ ముక్క కూడా ముట్టలేదు, పాపను ఒళ్ళోంచి దించనూ లేదు.

మన తెలుగు కుటుంబాలకు ఇక్కడ బిడ్డ పుడితే నింపే కాగితంలో ముందు పేరు, ఇంటిపేరుతో పాటు మాతృభాష అని ఒక గడి ఉంటుంది. అందులో తెలుగు అని రాయొచ్చు. ప్రభుత్వం అలాగే నమోదు చేసుకుంటుంది. పేర్ల చట్టం కట్టుదిట్టంగానే ఉన్నా, తల్లిదండ్రులకు వేరే దేశంతో సంబంధం ఉంటే ఆ సంప్రదాయపు పేరును అనుమతిస్తుంది. వెన్నెల అనో మల్లి అనో పెట్టుకుంటే ఇక్కడివాళ్ళు అర్థం అడిగి మరీ మెచ్చుకుంటారు. లుమి, పిల్వి మధ్య వెన్నెల చక్కగా ఇమిడిపోతుంది. అయినా మనవాళ్ళు ఎక్కువగా ఏ భాషదో తేలని రెండక్షరాల పేర్ల వైపే మొగ్గుతున్నారు. నోరు తిరగాలన్న ఆలోచన అర్థమవుతుంది గాని, వెన్నెల పలకడం ఎవరికి కష్టం?

ఈ దేశంలో ప్రతి రోజుకూ కొన్ని పేర్లు కేటాయించిన పంచాంగం ఉంది. ఫిన్నిష్‌లో మొదటి పంచాంగం 1705 నాటిది. 1908 సవరణలో సాధువుల పేర్ల మధ్యకు ఫిన్నిష్ పేర్లు పెద్ద ఎత్తున వచ్చాయి. మే 10 ఐనోల రోజు. ఆ పేరున్నవాళ్ళకు ఆఫీసులో శుభాకాంక్షలు చెబుతారు, వాళ్ళు కాఫీకి కేకు తెస్తారు. ఇప్పుడు ఆ జాబితా చూసే పని హెల్సింకీ విశ్వవిద్యాలయానిది. ఐదేళ్ళకోసారి సవరించి, జనంలో బాగా వాడుకలోకి వచ్చిన పేర్లను చేరుస్తారు. స్వీడిష్ పేర్లకు వేరే జాబితా ఉంది, ఒకప్పుడు రిజిస్టర్లలోంచి చెరిపేసిన సామీ పేర్లకూ ఇప్పుడు వాళ్ళ భాషలోనే ఒకటి ఉంది.