పెళ్లయ్యాక ఒక సాయంత్రం

1704లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి తూర్నోన్ ఒక ఆజ్ఞాపత్రం వెలువరించారు. మదురై, మైసూరు, కర్ణాటక మిషన్లలో పనిచేసే జెస్విట్ గురువులను ఉద్దేశించినది అది. కర్ణాటక మిషన్‌లో అప్పట్లో తెలుగు నేల కూడా ఉండేది. క్రైస్తవ వధువు మెడలో కట్టే తాళి మీద పిళ్లైయార్ (వినాయకుడి) బొమ్మ ఉండకూడదు, శిలువ గుర్తు ఉండవచ్చు, 108 పోగుల పసుపుతాడు వాడకూడదు అన్నవి అందులోని కొన్ని ఆదేశాలు. ఇలాంటి స్థానిక ఆచారాలు క్రైస్తవులకు తగునా అన్న వివాదం 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు తీర్పు ఇచ్చేదాకా నలుగుతూనే ఉంది. తాడులో పోగులు లెక్కపెట్టిన కతోలిక శ్రీసభకు, ఆ తాడు కట్టినవాడూ కట్టించుకున్న ఆవిడా పెళ్లయ్యాక ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటున్నారో పట్టించుకోవడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

పెళ్లిరోజు మీద అంత శ్రద్ధ పెట్టడాన్ని నేను తప్పుపట్టను. విచారణ (పారిష్) గురువు, కనీసం ఇద్దరు సాక్షులు లేని పెళ్లి చెల్లదని 1563లో ట్రెంటు మహాసభ తీర్మానించింది. చాటుగా మాటిచ్చి, ఆనక నేనెప్పుడు చేసుకున్నానని బుకాయించే మగవాళ్లకు అది ముకుతాడు వేసింది. కాకపోతే అక్కడినుంచి చట్టమంతా పెళ్లి చెల్లుతుందా, చెల్లదా అన్నదాని చుట్టూ అల్లుకుంది. 1917 నాటి శ్రీసభ చట్టం పిల్లల్ని కని పెంచడం వివాహానికి మొదటి ప్రయోజనమని, ఒకరికొకరు తోడుగా ఉండడం రెండోదని వరస పెట్టి రాసింది.

ఇవాళ అనేక దేశాల్లో కతోలిక విచారణలు దంపతుల కోసం జరిపే సాయంత్రాలకు మూలం వెతికితే అది ఏ పోపు ఆజ్ఞలోనూ దొరకదు. 1938లో పారిస్‌లో ఒక యువతి తన కాపురం గురించి మాట్లాడడానికి అన్రి కఫరెల్ అనే గురువు దగ్గరికి వచ్చింది. తర్వాత భర్తను వెంటబెట్టుకొచ్చింది. ఆపైన మరో మూడు జంటలు కలిశాయి. తమ ప్రేమ ఒకవైపు, తమ విశ్వాసం ఒకవైపు కాకుండా రెండూ ఒకటిగా ఎలా బతకాలన్నది వాళ్ల ప్రశ్న. కఫరెల్ సిద్ధాంతం చెప్పలేదు, కలిసి వెతుకుదాం అన్నారు. 1939 ఫిబ్రవరి 25న ఆ నాలుగు జంటలూ ఆయనా మొదటిసారి కూర్చున్నారు. యుద్ధం వచ్చింది, పోయింది. 1947 డిసెంబరు 8 నాటికి ఆ గుంపులు ఎకీప్ నోత్ర్ దామ్ పేరుతో ఒక నియమావళి రాసుకునే స్థాయికి పెరిగాయి. నెలకొకసారి ఒకరి ఇంట్లో కలుసుకోవడం, కలిసి భోంచేయడం, ప్రార్థన చేసుకోవడం, ఆ నెల ఎలా గడిచిందో చెప్పుకోవడం వాళ్ల పద్ధతి.

ఆ నియమావళిలో ఒక నియమం నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. నెలకొకసారి భార్యాభర్తలు ఇద్దరే, ఎవరూ లేకుండా, దేవుని ఎదుట తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో క్రీస్తు అడిగిన ప్రశ్న నుంచి కఫరెల్ దీన్ని తీసుకున్నారు. ఇల్లు, పిల్లలు, డబ్బు, అలసట, కోపం ఏదైనా ఆ సంభాషణలోకి రావచ్చు. అక్కడ గురువుకు చోటు లేదు. పాపసంకీర్తనం వినే గురువుల సంప్రదాయంలో పెరిగిన మనిషి ఇలా తనంతట తాను గది బయటికి తప్పుకోవడం చిన్న విషయం కాదు.

అదే కాలంలో అమెరికాలో ఇంకో దారి తెరుచుకుంది. సెయింట్ లూయిస్‌లో ఎడ్వర్డ్ డౌలింగ్ అనే జెస్విట్ గురువు 1944లో కానా కాన్ఫరెన్సులు మొదలుపెట్టారు. యేసు నీటిని ద్రాక్షారసం చేసిన పెళ్లి ఊరి పేరే వాటికి పెట్టారు. మద్యపానం మానడానికి కూటమి కట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్‌కు ఆత్మీయ సలహాదారు కూడా ఈయనే. మామూలు మనుషులు ఒకరి మాట ఒకరు వింటే బాగుపడతారన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే. అయినా కానాలో ప్రసంగం ప్రధానం. గురువు మాట్లాడేవారు, జంటలు వినేవి, చివర ప్రమాణాలు మళ్లీ చెప్పుకునేవి.

బార్సిలోనాలో గాబ్రియేల్ కాల్వో అనే గురువు ఈ వరస తిరగేశారు. 1952 నుంచి దంపతులతో పనిచేస్తూ ఆయన ప్రశ్నలు పోగుచేశారు, 1962లో 28 జంటలతో మొదటి వారాంతపు శిబిరం నడిపారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కాయకష్టం చేసుకునే పేదలు, పెద్దగా చదువుకోనివాళ్లు. మాట నేర్చినవాళ్లకే మనసు విప్పడం వస్తుందని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1967లో ఆ పద్ధతి అమెరికా చేరింది. అక్కడ చక్ గలగర్ అనే జెస్విట్ గురువు చొరవతో మ్యారేజ్ ఎన్‌కౌంటర్ పెద్ద ఉద్యమమైంది, లూథరన్లూ యూదులూ కూడా తమ తమ రూపాల్లో దాన్ని మలచుకున్నారు.

దాని పనితీరు ఇలా ఉంటుంది. ఒక గురువు, కొన్ని జంటలు ముందుగా తమ సొంత కాపురం గురించి మాట్లాడతారు. తర్వాత ఒక ప్రశ్న ఇస్తారు. భర్త ఒకచోట, భార్య ఒకచోట కూర్చుని నోటు పుస్తకంలో జవాబు రాస్తారు. పుస్తకాలు మార్చుకుంటారు, చదువుతారు, గది తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకున్నారని పదిమందిలో ఎవరూ అడగరు. ఇంటికి వెళ్లాక కూడా రోజూ పది నిమిషాలు రాయడం, పది నిమిషాలు మాట్లాడడం అలవాటు చేసుకోమంటారు. ఎదుటివాణ్ణి తీర్పు తీర్చకుండా తన మనసులో ఏముందో రాయడం అసలు నియమం. నువ్వు నన్ను పట్టించుకోవు అనడం వేరు, నిన్న రాత్రి నాకు ఒంటరిగా అనిపించింది అనడం వేరు. మొదటిది వింటే ఎదుటివారు వాదనకు దిగుతారు. రెండోదానికి వాదన ఉండదు.

ఈలోగా రోము కూడా కదిలింది. 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ మొదటి ప్రయోజనం, రెండో ప్రయోజనం అన్న ఆ వరసను పక్కనపెట్టి వివాహాన్ని జీవితాన్నీ ప్రేమనూ పంచుకునే నిబంధనగా చెప్పింది. పారిస్‌లోనో బార్సిలోనాలోనో జంటలు అప్పటికే బతుకుతున్నదానికి అది సైద్ధాంతిక రూపం.

విమర్శలూ వచ్చాయి. శిబిరం తెచ్చిన ఊపు కొన్నాళ్లకు చల్లారుతుందని, రోజువారీ రాత ఒక తంతుగా మారి దానికి బానిసలు కావచ్చని 1978లో విలియం డోహర్టీ, మరో ఇద్దరు పరిశోధకులు రాశారు. ఆ మాటలో నిజముంది. బాగా దెబ్బతిన్న కాపురాలకు ఒక వారాంతం చాలదని ఉద్యమానికీ తెలుసు. 1977లో కెనడాలోని క్యూబెక్‌లో రెత్రువాయ్ అనే కార్యక్రమం మొదలైంది అందుకే. అందులో శిబిరం తర్వాత కూడా సమావేశాలు కొనసాగుతాయి.

రెండు రోజులు పిల్లల్ని వదిలి వెళ్లగలిగినవాళ్లు ఎంతమంది? వారాంతం సాయంత్రానికి కుదించుకుపోవడంలో ఈ ఇబ్బందిది పెద్ద పాత్ర. లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ ఆంగ్లికన్ చర్చిలో నికీ, సీలా లీ దంపతులు 1996లో ఏడు సాయంత్రాల కోర్సు మొదలుపెట్టారు. ఇద్దరికొక బల్ల, భోజనం, పక్కవాళ్ల మాటలు వినపడకుండా సన్నగా సంగీతం. కతోలిక విచారణలు కూడా దాన్ని సంకోచం లేకుండా తీసుకున్నాయి. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కొందరు దంపతులు 1981లో మొదలుపెట్టిన ఉత్సవం 1983 నుంచి ఫిబ్రవరి రెండో ఆదివారం ప్రపంచ వివాహ దినంగా స్థిరపడింది. దానికి అటూ ఇటూ దివ్యబలిపూజ, విందు, చిన్న ప్రసంగం, ఆశీర్వాదంతో ఒక సాయంత్రం జరపడం చాలా విచారణల్లో అలవాటైంది. ప్రమాణాలు మళ్లీ చెప్పుకున్నా అది రెండో పెళ్లి కాదు. లాటిను శ్రీసభ బోధ ప్రకారం జ్ఞానవివాహాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే, ఇచ్చిన మాటకు గడువు లేదు.

తెలుగు విచారణల్లో రజతోత్సవాలు ఘనంగానే జరుగుతాయి. పూజలో ఆశీర్వాదం, దండలు, ఫొటోలు, బంధువులకు భోజనాలు. అందులో కొరత ఏమీ లేదు కానీ ఆ రోజంతా దంపతులు అందరి మధ్యా ఉంటారు, ఒకరితో ఒకరు ఉండరు. అత్తమామలు, ఆడబిడ్డలు, పిల్లల చదువుల మధ్య మన ఇళ్లలో ఇద్దరే కూర్చుని గంటసేపు మాట్లాడుకునే వీలు అరుదు. ఎవరైనా అలా కూర్చుంటే ఏం గొడవ జరిగిందోనని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. అందుకే ఆ గంటను విచారణ తన పేరు మీద ఇప్పించాలి. ఫాదర్ గారు పిలిచారంటే ఇంట్లో ఎవరూ అడ్డుచెప్పరు. పోపు ఫ్రాన్సిస్ 2014 ఫిబ్రవరి 14న రోములో పెళ్లి కుదిరిన వేలాది జంటలకు అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమాపణ కోరడం నేర్చుకోమన్నారు. మన మగవాళ్లలో భార్యకు ఈ మూడూ చెప్పే అలవాటు లేనివాళ్లు చాలామంది. మొదటిసారి నోరు తెరవడానికి పదిమంది తనలాంటివాళ్లే చుట్టూ కూర్చున్న హాలు సాయపడుతుంది.

తాగివచ్చి కొట్టే భర్తను, కట్నం కోసం వేధించే ఇంటిని మాత్రం ఈ సాయంత్రానికి అప్పగించకూడదు. అక్కడ ముందు కావలసింది ఆవిడ క్షేమం, అవసరమైతే పోలీసు, కోర్టు. సర్దుకుపొమ్మని చెప్పడానికి ఈ బల్లను వాడితే ఎనభై ఏళ్లకు పైగా దంపతులు కష్టపడి సంపాదించుకున్న చోటును పాడుచేసినట్టే. మిగతా జంటలకు కావలసిన ఏర్పాటు పెద్దదేం కాదు. పిల్లల్ని జ్ఞానోపదేశం గదిలో చూసుకోవడానికి యువజనులు ఇద్దరు ముగ్గురు, ఒక చీటీ మీద రెండు ప్రశ్నలు, మైకు త్వరగా కట్టేసే ఫాదర్ గారు.